రోజుకి కణుపంత నీరు

గేట్లాయనకి పులి ఎదురొచ్చినా ఫరవాలేదు గాని, మనిషి ఎదురొచ్చి ఒక మాట అంటే మాత్రం రెండు రోజులు అన్నం సహించదు. అంత మెత్తటి మనిషికి ఏటి మీద గేట్లు ఎత్తీ దించే ఉద్యోగం ఇచ్చిన మహానుభావుడెవరో గాని, ఆయనకో దండం. గేట్లు ఎత్తితే కిందివాళ్ళు తిడతారు, దించితే పైవాళ్ళు తిడతారు, ఊరికే కూర్చుంటే ఇద్దరూ కలిసొచ్చి తిడతారు. అయినా మన గేట్లాయన నల్లజుట్టుతో ఆ ఉద్యోగంలో చేరి, తెల్లజుట్టు వచ్చేదాకా ఒక్కరి చేతా మాట పడకుండా నెట్టుకొచ్చాడు. ఎలాగంటారా, అక్కడికే వస్తున్నాను.

గేట్లకి దిగువన, కేకేస్తే వినపడేంత దూరంలో, ఏటికి అడ్డంగా పరిచిన రాతిబాట ఒకటుంది. ఇటు గట్టున ఇళ్ళు. అటు గట్టున మార్కెట్టు, బడి, ఆస్పత్రి. పొద్దున్నే ఊరంతా ఆ బాట మీద అటు నడుస్తుంది, సాయంత్రం ఇటు నడుస్తుంది. ఏటికి వరదొచ్చిందంటే బాట మునిగిపోతుంది. ఇక బస్సెక్కి, ఎక్కడో ఎగువనున్న పెద్ద వంతెన దాకా పోయి, చుట్టూ తిరిగి రావాలి. ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టన్నమాట. ఆ బస్సులో కాలు పెట్టే చోటుండదు, పెట్టిన కాలు తీసే చోటూ ఉండదు.

కాబట్టి వరద రోజుల్లో ఊరిది ఒకటే కోరిక, బాట ఎప్పుడు తేలుతుందా అని. ఆ కోరిక తీర్చడంలో గేట్లాయన మొనగాడు. వరద తగ్గుముఖం పట్టడం ఆలస్యం, గేట్ల మీదికెక్కి, చక్రాలు గిరగిరా తిప్పి, ఉన్న గేట్లన్నీ ఒక్క పూటలో దించేసేవాడు. పొద్దున నడుములోతు నీళ్ళు పారిన చోట సాయంత్రానికి రాళ్ళు బయటపడేవి. చెప్పులు చేత్తో పట్టుకుని ఇంటికి నడిచొచ్చే జనం "హమ్మయ్య, గేట్లాయన చల్లగా ఉండాలి" అనుకునేవారు. మంగలి షాపుకెళితే బెంచీ మీద కూర్చున్నవాళ్ళు లేచి తమ వంతు ఆయనకిచ్చేవారు. ఆ మర్యాద కోసం తిప్పిన చక్రాలకి ఆయన కుడి భుజం అరిగిపోయింది. అయినా ఒక్కనాడూ విసుక్కోలేదు.

ఈ ఏటి వరదే ఆయనకి ఆఖరిది. వచ్చే ఏటికి గేట్లకి మోటార్లు పెడతారు, ఆయన ఇంట్లో కూర్చుంటాడు. వీధివాళ్ళు అప్పుడే సన్మానం మాటలు మొదలుపెట్టారు. ఎక్కడ చెయ్యాలి, ఎవరు మాట్లాడాలి అని మంగలి షాపులో ఒకటే చర్చ. గేట్లాయన పైకి "నాకెందుకయ్యా అవన్నీ" అంటున్నాడు గాని, అద్దం ముందు నిలబడి రెండు ముక్కలు మాట్లాడి చూసుకుంటూ భార్య కంట పడనే పడ్డాడు.

ఆయన ఇంట్లో వెనక గదిలో మేనకోడలుంటుంది. అక్క కూతురు. చెట్ల చదువు చదివి, ఏటి గట్లు చూసుకునే శాఖలో ఉద్యోగం తెచ్చుకుని, ఈ ఊరే పడటంతో మేనమామ ఇంట్లో దిగింది. పిల్ల బంగారం, గది మాత్రం చూడలేం. ట్రేల నిండా బురద, పాత పేపర్ల మధ్య ఎండబెట్టిన తుంగ, కిటికీలో భూతద్దాలు. గేట్లాయన భార్య ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికే విభాగానికి పెద్ద. మరకంటే ఆవిడకి పగ.

"ఊళ్ళోవాళ్ళ దుప్పట్లన్నీ నేను తెల్లగా చేసి పంపుతుంటే, నా ఇంట్లోనే బురద పెంచుతున్నావు కదే," అంటుంది రోజూ.

"పెంచేది బురద కాదత్తయ్యా, మొక్కలు."

"ఏవీ, మొక్కలు?"

చూపిద్దామంటే ట్రేలలో ఉన్నవన్నీ గట్టు మీంచి ఏరుకొచ్చిన ఎండు మొలకలే.

వరదలకి ముందు ఒక సెలవు రోజున ఆ పిల్ల మేనమామని గట్టు వెంబడి నడిపించింది. ఆయన రోజూ చూసే గట్టే. ఆయన కంటికి అదంతా గడ్డీ గాదమే.

"సరిగ్గా చూడు మావయ్యా," అంది. "నీళ్ళని ఆనుకుని రెల్లూ తుంగా ఉన్నాయి కదా, వాటికి వరదంటే లెక్కలేదు. నీళ్ళొస్తే పడుకుంటాయి, పోతే లేచి కూర్చుంటాయి. వాటి పైన ఏటిపాల చెట్లు. ఏడాదికోసారి కాళ్ళు తడవకపోతే వాటికి తోచదు. ఆ పైన పొదలు, ఎప్పుడో పెద్ద వరదొస్తే తప్ప తడవవు. అన్నిటికంటే పైన ముళ్ళతుమ్మ. దానికి కాలు తడిస్తే జ్వరమే. ఎవరు ఎన్నాళ్ళు నీళ్ళలో నిలబడగలరో అంతంత దూరంలో కాపురం పెట్టారు. స్థలాలు పంచింది వరదే."

"బాగానే పంచిందిగా. మరి నీ ఏడుపేంటే?"

"ఏటిపాలల్లో తాతలున్నారు గాని మనవలు లేరు మావయ్యా."

ఆయన కాస్త పరకాయించి చూశాడు. నిజమే. ఉన్న ఏటిపాలలన్నీ ఆయన నిక్కర్లేసుకునే రోజుల నాటివే. తొర్రలు పడి, నడుములు వంగి ఉన్నాయి. ఒకటి రెండు కూలిన చోట గట్టు జారి ఏట్లో పడింది. ఆ ఖాళీలోకి పైనుంచి ముళ్ళతుమ్మ దిగొచ్చి కూర్చుంది. ఈ ఏడూ పిల్లమొక్కలు రాకపోతే గట్టు పొడుగునా రాళ్ళు పేర్చేస్తామని శాఖవాళ్ళు తేల్చి చెప్పారట. రాళ్ళు పేరిస్తే ఇంకక్కడ ఏటిపాల అన్నది మొలవదు. పిల్ల ఇన్నాళ్ళు పడ్డ పాట్లన్నీ బూడిదలో పోసిన పన్నీరే.

"ఏం, విత్తనాలు రాలట్లేదా?"

"రాలకేం! దూదిలా ఎగురుతాయి. కాకపోతే వాటి ఆయుష్షు కొద్ది రోజులే. ఆలోగా తడి ఒండ్రు మీద పడాలి. గడ్డిలో పడితే ఊపిరాడక చస్తాయి. కొత్త ఒండ్రు వరద కాక ఇంకెవరు తెచ్చిస్తారు? ఇదివరకు వానలు వేళకొచ్చేవి. ఏరు దిగే రోజుల్లోనే దూది లేచేది. ఇప్పుడు వానకి వేళా పాళా లేదు. ఒక ఏడు ఒండ్రంతా ఎండిపోయాక దూది లేస్తుంది, ఇంకో ఏడు దూదంతా ఎగిరిపోయాక వరదొస్తుంది. పోయినేడు రెండూ కలిశాయి. గట్టంతా పచ్చగా మొలిచింది, నేను ఎగిరి గంతేశాను. వారం తిరక్కుండా మొత్తం మాడిపోయింది. ఎందుకో ఎంత చూసినా అంతు పట్టలేదు."

"పోనీలేవే, ఈసారి నిలుస్తాయిలే," అన్నాడు గేట్లాయన. ఏదో ఓదార్పుకి అన్న మాట, అంతకు మించి ఆయనకేం తెలుసు!

ఈ ఏడూ వానా దూదీ కలిశాయి. వరదొచ్చింది, బాట మునిగింది, నీళ్ళు తగ్గుముఖం పట్టిన రోజు పొద్దున్నే ఏటిపాలల మీంచి తెల్లటి దూది లేచింది. కిటికీ ఊచలకి దూది, తీగ మీద ఆరేసిన బట్టలకి దూది, గేట్ల చక్రాలకి దూది. గేట్లాయన భార్య తుమ్మీ తుమ్మీ సొమ్మసిల్లింది. పిల్ల మాత్రం గట్టు మీద ఇటు నుంచి అటు ఒకటే పరుగు.

గేట్లాయన రబ్బరు బూట్లు తొడుక్కుని, చక్రాల పళ్ళకి గ్రీజు రాసి, చొక్కా చేతులు మడిచాడు. ఆఖరి వరద కదా, సాయంత్రం దాకా కూడా ఆగకుండా బాట తేల్చి ఔరా అనిపించుకోవాలని ఆయన పంతం. అంతలో మేనకోడలు జుట్టు నిండా దూదితో మెట్లెక్కి వచ్చింది.

"మావయ్యా, నీళ్ళు పూర్తిగా దిగడానికి ఎన్నాళ్ళు పడుతుంది?"

"ఎన్నాళ్ళేంటే పిచ్చిమొహమా! ఎన్ని గంటలని అడుగు. మధ్యాహ్నం అన్నం వేళకి రాళ్ళు కనపడకపోతే చూడు."

పిల్ల నవ్వలేదు. "ప్రతి ఏడూ ఇంతేనా?" అంది.

"ప్రతి ఏడూ ఇంతే. కావాలంటే ఊరందర్నీ అడుగు!"

ఆమె అక్కడే మెట్టు మీద కూలబడింది. కాసేపటికి చూపుడువేలు పైకెత్తి, చివరి కణుపు పట్టుకుని చూపించింది. "మొలిచిన పిల్లవేరు రోజుకి ఇంత దిగుతుంది మావయ్యా. వేలి కణుపంత. అంతకు మించి దాని వల్ల కాదు. ఒండ్రులో తడి కిందికి జారుతుంటే అది వెనకే తరుముకుంటూ పోవాలి. ఏరు తనంతట తను దిగితే మెల్లగా దిగుతుంది కాబట్టి అందుకుంటుంది. నువ్వు నడుములోతు నీళ్ళు ఒక్క పూటలో లాగేస్తే, అదెక్కడ అందుకుంటుంది?"

గేట్లాయన చెయ్యి చక్రం మీద అలాగే ఉండిపోయింది.

"అంటే, పోయినేడు మాడిపోయినవి... నా వల్లేనంటావా?"

"నాకు మాత్రం తెలుసా? ఎండ వల్లేమో అనుకున్నా. పోయినేడు నీళ్ళు దిగిన ఆ రెండు రోజులూ నేను ఎగువ గట్టు మీద పనిలో ఉన్నాను. ఇవాళ నీ నోటితో నువ్వు చెబితే తెలిసింది."

చోద్యం చూశారా! ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే బల్ల ముందు కూర్చుని తింటూ, ఒకరేమో నీళ్ళు లాగేస్తున్నారు, ఇంకొకరేమో మొక్కలెందుకు చస్తున్నాయా అని భూతద్దం పట్టుకుని ఏడుస్తున్నారు. ఆయన గేట్ల ఊసెత్తితే ఇంట్లో ఎవరూ వినరు. ఈమె వేళ్ళ ఊసెత్తితే ఆయనకి నిద్రొస్తుంది. ఇళ్ళల్లో కబుర్లు ఇలాగే ఏడుస్తాయి.

ఊరంతా శభాష్ అన్న పనే ఆ పచ్చటి ప్రాణాల్ని తీసిందంటే గేట్లాయనకి ఏడుపొచ్చినంత పనైంది. ఇక చక్రం తిప్పబుద్ధి కాలేదు. చేతులకంటిన గ్రీజు తుడుచుకుని, ఇంజనీరుకి ఫోన్ చేసి, నీళ్ళు నెమ్మదిగా దించుతానని అడిగాడు.

"పైన ఇంకా వానలున్నాయి, నీళ్ళు ఆపుకోవాలన్న తొందర మనకేం లేదు. కానివ్వండి," అన్నాడు ఇంజనీరు. "కాని ఒక్క మాట. బాట మునిగుందని జనం ఫిర్యాదు కాగితం పెట్టారంటే మాత్రం ఆ రోజే మూసెయ్యాలి. తర్వాత నేనేం చెయ్యలేను."

"మావాళ్ళు నా మీద కాగితం పెడతారా సార్! భలేవారే," అన్నాడు గేట్లాయన. పాపం, నమ్మే అన్నాడు.

ఆ సాయంత్రం భార్య బస్సు దిగి ఇంటికొచ్చేసరికి జడ ఊడిపోయి ఉంది, చేతి సంచీ తెగి ఉంది.

"ఏవండీ, బాట ఇంకా తేల్లేదేం? ఒంట్లో బాగాలేదా?"

"బానే ఉన్నా. రేపు కూడా తేలదు."

"ఎల్లుండి?"

"ఎల్లుండీ తేలదు."

"మరెప్పుడు తేలుతుందట?"

ఆయన మేనకోడలి వంక చూశాడు. మేనకోడలు కంచం వంక చూసింది. "ఒక నెల పట్టొచ్చు అత్తయ్యా," అంది నెమ్మదిగా, వినపడకపోతే బాగుణ్ణన్నట్టు.

వినపడింది. "నెలా! నెల రోజులు ఆ డొక్కు బస్సులో నలిగి చావాలా నేను? ఊరివాళ్ళకి ఒక్క పూటలో బాట తేల్చే మనిషికి, కట్టుకున్న పెళ్ళాం దగ్గరకొచ్చేసరికి నెలా!"

"నీ ఒక్కదానికే కాదే, అందరికీ నెలే."

"అదో గొప్పా మళ్ళీ!" అని ఆవిడ తెగిన సంచీ ఆయన ఒళ్ళో పడేసి లోపలికి పోయింది. ఆయన దారం సూదీ తెచ్చుకుని కుట్టుకుంటూ కూర్చున్నాడు.

మర్నాటి నుంచి పొద్దున్నే మేనమామకీ మేనకోడలికీ ఒకటే పని. బాట పక్కన నీళ్ళలో కొలకర్ర పాతి ఉంటుంది. పిల్ల ఒక్క మనిషే పట్టే శాఖవాళ్ళ చిన్న పడవలో దాని దగ్గరికి పోయి, వేలి కణుపు ఆనించి "ఇంతే, ఇంతే!" అని కేకేస్తుంది. ఆయన పైన చక్రాన్ని అటో ఇటో తెలియనంత తిప్పుతాడు. గిరగిరా తిప్పడం అలవాటైన చేతికి అంత కొద్దిగా తిప్పడం నరకం. తిప్పీ తిప్పకుండా ఆగడానికి అరిగిన భుజం ఒకటే పీకేది. అయినా గట్టు మీదికెళ్ళి చూస్తే ప్రాణం లేచొచ్చేది. నీళ్ళు దిగిన మేర ఒండ్రు మీద ఆవగింజంత ఆకులతో పచ్చగా మొలిచి ఉండేది. రేపటికి ఉంటాయో లేదో అనుకుంటూ వెళ్ళడం, ఉన్నాయని చూసుకుని ఊపిరి పీల్చుకోవడం. రోజూ ఇదే తంతు.

ఊరు మొదటి వారం ఓపిక పట్టింది. గేటేదో ఇరుక్కుందేమోలే, పెద్దాయన బాగుచేస్తున్నాడులే అనుకున్నారు. రెండో వారంలో అసలు సంగతి బయటపడింది. అంతే! మంగలి షాపులో బెంచీ మీంచి ఒక్కడు లేవలేదు. మంగలి గడ్డానికి నురగ రాసి, కత్తి మెడ దగ్గర ఆనించి, "ఏం గేట్లాయనా, మనుషులకంటే మొక్కలెక్కువయ్యాయా నీకు?" అన్నాడు. మెడ దగ్గర కత్తుండగా ఎవడు మాత్రం ఏం జవాబు చెబుతాడు! సన్మానం ఊసెత్తేవాడే లేకపోయాడు. "దిగిపోయే ముందు ముసలాయనకి చాదస్తం ముదిరింది" అని ఒకరు, "మేనకోడలు ఆడిస్తోంది, ఈయన ఆడుతున్నాడు" అని ఇంకొకరు. గేట్లాయనకి ముద్ద దిగడం మానేసింది. చొక్కా వదులైంది. వీధిలోంచి పోవాల్సొస్తే గోడ పక్కన నక్కి నక్కి పోయేవాడు.

మూడో వారంలో ఇంజనీరు ఫోన్ చేశాడు. "మీ బస్టాపులో సంతకాలు అవుతున్నాయట. రేపో మాపో నా బల్ల మీదికొస్తుంది. వచ్చిందా, మూసెయ్యాల్సిందే."

గేట్లాయన ఫోన్ పెట్టేసి మేనకోడలి వైపు చూశాడు. "ఇప్పుడు మూసేస్తే?"

"ఎండాకాలంలో కూడా ఆరని తడి ఇంకా కిందుంది మావయ్యా. వేళ్ళు సగం దూరం దిగాయి. ఇప్పుడు లాగేస్తే పోయినేటి కథే."

వంటగది గుమ్మంలో నిలబడ్డ భార్య గొంతు సవరించుకుంది. ఆవిడ గొంతు సవరించుకుందంటే ఏదో తప్పు జరిగిందన్నమాట. "నేనే నోరు జారాను," అంది. "బస్సులో అందరూ మిమ్మల్ని తిడుతుంటే ఊరుకోవాల్సింది. వాళ్ళ కంటే ఎక్కువ నేనే తిట్టాను. పెళ్ళామే తిడితే ఇంక వాళ్ళకి అడ్డేముంది? అప్పుడే సంతకాలు మొదలుపెట్టారు."

"నువ్వు కూడా పెట్టావా?" అన్నాడాయన.

"ఛీ, అంత మాటా! కలం లేదన్నాను."

మర్నాడు పొద్దున గేట్లాయన ఉతికిన చొక్కా వేసుకుని బస్టాపుకి బయల్దేరాడు. చెప్పాల్సిన మాటలన్నీ దారి పొడుగునా వరసగా పేర్చుకున్నాడు. తీరా అక్కడ ఆ మొహాలు చూసేసరికి ఒక్క ముక్కా గుర్తు లేదు.

"ఏం గేట్లాయనా, నువ్వూ బస్సెక్కుతావా? రా రా, మా సుఖం నువ్వూ పడుదువుగాని," అంది కూరగాయలామె.

"లేదమ్మా, తిట్టడానికొచ్చాను," అన్నాడాయన కంగారులో. అందరూ ఘొల్లుమన్నారు. "అంటే... తిట్టించుకోడానికి. ఇంట్లో కూర్చుంటే ఎవరెవరు ఏమేం అంటున్నారో ఊహించుకునే సగం చచ్చాను. అదేదో నా మొహం మీదే అనెయ్యండి."

అడిగితే కాదంటారా! కూరగాయలామె అందుకుంది. బస్సులో బుట్ట నలిగి ఆకుకూరంతా నుజ్జవుతోందనీ, ఆ ఆకుకూర గేట్లాయన కళ్ళకి మొక్కలా కనపడదు కాబోలనీ అంది. బడి మేష్టారు తను రోజూ ఆలస్యంగా వెళ్ళి పిల్లల ముందు తలదించుకోవాల్సొస్తోందన్నాడు. మంగలి అసలు బస్సే ఎక్కడు, ఊరికే తిట్టడానికి షాపు మూసుకుని వచ్చాడు. గేట్లాయన చేతులు కట్టుకుని, తల వంచుకుని అన్నీ విన్నాడు. చివర్న, గొడవ విని వచ్చి కర్ర ఊతంతో నిలబడ్డ పెద్దావిడ, "నాకు బస్సు మెట్లు ఎక్కడం చేతకాక ఆస్పత్రికి పోవడమే మానేశాను నాయనా," అంది. అందరి తిట్లూ ఒక ఎత్తు, ఆ ముసలామె మాట ఒక ఎత్తు. ఆయనకి మొహం ఎర్రబడింది.

"తప్పయింది పెద్దమ్మా. నువ్వెళ్ళే రోజు చెప్పు, నేనొచ్చి ఎక్కిస్తాను, నేనే అక్కడ దింపి తీసుకొస్తాను," అన్నాడు.

"ఇంతకీ ఆ మొక్కలు బతికితే నీకేం ఒరుగుతుంది?" అంది కూరగాయలామె.

"ఏం ఒరగదమ్మా. అవి చెట్లయ్యేసరికి నేనుండను. కాని నా చేత్తోనే వాటిని చంపుతున్నానని తెలిశాక కూడా మళ్ళీ ఎలా చంపమంటావు? తెలియక చేసినన్నాళ్ళు చేశాను. రోజుకి వేలి కణుపంత దిగుతున్నాయి, పాపం, శక్తి కొద్దీ. నేనూ అంతే దించుతున్నాను. ఇంకొన్నాళ్ళు నన్ను తిట్టుకోండి, కడుపారా తిట్టుకోండి, కాగితం మాత్రం పెట్టకండి."

అంతలో బస్సొచ్చింది. ఎక్కేవాళ్ళు ఎక్కారు, తోసేవాళ్ళు తోశారు. సరేనని ఒక్కరూ అనలేదు. గేట్లాయన ముసలామెని ఇంటి దాకా దింపి, తన ఇంటికొచ్చి, కుర్చీలో కూలబడ్డాడు. కాసేపటికి ఆయనకో సంగతి తట్టింది. ఆకలేస్తోంది. లేచి గిన్నె మూత తీసి, మొదటిసారి పెట్టుకున్నది తిని, మళ్ళీ పెట్టుకున్నాడు. జీవితమంతా దేనికి భయపడ్డాడో అది మూకుమ్మడిగా మీద పడి వెళ్ళిపోయింది, ఇల్లు కూలలేదు, ఆకాశం ఊడిపడలేదు. ఇంత మాత్రానికా ఇన్నేళ్ళు హడలి చచ్చానని ఆయనకి నవ్వొచ్చింది. ఆ పూట కంచం ముందు ఒక్కడే నవ్వుకుంటున్న మేనమామని చూసి మేనకోడలు కాస్త భయపడింది కూడా.

ఆ రోజు కాగితం రాలేదు. మర్నాడూ రాలేదు. ఎవరు ఆపారో, ఎందుకాపారో ఎవరూ చెప్పలేదు. తిట్లు మాత్రం ఆగలేదు లెండి, కాకపోతే ఇప్పుడవి ఎదురుగానే వచ్చేవి. "ఏం, ఇంకా ఎంత దిగాలేంటి నీ మొక్కలు?" అని బస్సు కిటికీలోంచి అరిచేవారు. గేట్లాయన చూపుడువేలు ఎత్తి చూపించేవాడు. ముసలామెని చెప్పినట్టే బస్సెక్కించి ఆస్పత్రికి తీసుకెళ్ళి, తీసుకొచ్చాడు.

నెల దాటాక ఎండలు ముదిరాయి. వేడిగాలి తోలింది. గట్టు పై వరసలో గడ్డి అంతా తుప్పు రంగుకి తిరిగింది. మేనకోడలు అత్తయ్య వంటింట్లోంచి గరిట ఒకటి ఎత్తుకుపోయి, గట్టు మీద బోర్లా పడుకుని, ఒక మొలక పక్కన ఒండ్రు కొంచెం కొంచెంగా తోడటం మొదలుపెట్టింది. గేట్లాయన పక్కన గొంతుక్కూర్చున్నాడు. గరిట లోతు పోయింది, వేరుంది. చెయ్యి లోతు పోయింది, ఇంకా ఉంది. మోచెయ్యి దిగినా దారప్పోగులా వేరు కిందికి పోతూనే ఉంది. చివరికి పిల్ల వేళ్ళకి చల్లటి తడి ఇసక తగిలింది. ఆమె చెయ్యి బయటికి తీసి, ఆ తడి ఇసక మేనమామ అరచేతిలో పెట్టింది.

"అందుకుంది మావయ్యా," అంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియని మొహంతో. "ఇంక ఎండ దీన్ని ఏం చెయ్యలేదు. నువ్వు మూసెయ్యొచ్చు."

ఆయన ఆ ఇసక పిడికిట్లో బిగించి పట్టుకుని, "నిజంగా? ఒట్టు?" అన్నాడు.

"ఒట్టు."

గేట్లాయన ఆ సాయంత్రమే మిగిలిన చక్రాలు గిరగిరా తిప్పి పారేశాడు. ఎంత హాయిగా ఉందో! భుజం నొప్పి కూడా తెలియలేదు. తెల్లారేసరికి రాతిబాట తలెత్తి, కడిగిన గిన్నెల్లా మెరుస్తోంది.

పొద్దున్నే ఆయన బాట మొదట్లో నిలబడ్డాడు, నాచు మీద ఎవరైనా జారితే పట్టుకుందామని. వీధిలోంచి జనం రావడం వినపడింది. అప్పుడు, సరిగ్గా అప్పుడు, ఆయన గుండె గతుక్కుమంది. వీధి నుంచి బాటకి ఎలా వస్తారు? పంపుహౌసు పక్కనుంచి తిరిగి మెట్లు దిగొస్తే అసలు దారి. ఆ దారిన వచ్చేదెవరు? వీధి చివర నుంచి గట్టు మీదుగా ఏటవాలుగా దిగిపోతే బాట నాలుగడుగుల దూరం. ఊరు పుట్టినప్పట్నుంచి అందరిదీ అదే అడ్డదారి. ఆ అడ్డదారి నిండా ఇప్పుడు మొక్కలు. వరద ఒండ్రుతో కప్పేసిన చోట దారి ఉందన్న సంగతే మేనమామా మేనకోడలూ ఇద్దరూ మర్చిపోయారు.

నెల రోజులు చుట్టూ తిరిగిన జనానికి మళ్ళీ "చుట్టూ తిరిగి రండి" అని చెప్పాలి. ఆయన నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకున్నాడు. ఇప్పటికే ఇంత అడిగాడు, ఇంకా ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు? గట్టు మీద మేనకోడలు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది.

అందరికంటే ముందు ఆయన భార్య వచ్చింది, కుట్టిన సంచీ భుజాన వేసుకుని. గట్టు అంచున ఆగింది. కాళ్ళ ముందు పచ్చగా పరుచుకున్న దాని వంక చూసింది. కిందున్న మొగుడి వంక చూసింది.

"ఖర్మ! ఇవి ఇక్కడే మొలవాలా?" అని విసుక్కుని, గిర్రున తిరిగి పంపుహౌసు వైపు నడిచింది.

ఆమె వెనక కూరగాయలామె ఆగింది. తల మీద బుట్ట సర్దుకుంది. "బస్సు పోయిందనుకుంటే ఇదొకటి దాపురించింది," అని ఆమె కూడా అటే తిరిగింది. మేష్టారు తిరిగాడు. ఆయన వెనక పిల్లలు అడ్డదారిన ఉరకబోతే రెక్క పట్టుకుని లాగాడు. మంగలి వచ్చాడు, ఒక పెద్ద నిట్టూర్పు విడిచి అటే పోయాడు. ఒకరి వెనక ఒకరు, ఊరంతా గేట్లాయన్ని పేరు పేరునా తిట్టుకుంటూ పంపుహౌసు చుట్టూ తిరిగి, మెట్లు దిగి, బాటెక్కి పోయారు. ఒండ్రు మీద ఒక్క అడుగు పడలేదు. గేట్లాయన దారికి అడ్డం రాకుండా పక్కకి తప్పుకుని, అందరూ దాటేదాకా అక్కడే నిలబడి, వచ్చిన ప్రతి తిట్టునీ తలూపుతూ విన్నాడు.